మాట ఇచ్చిన ధరకు జప్తు

ఒక మనిషి సరుకు మీద చెయ్యి వేసి "ఇక ఇది నీది కాదు" అని చెప్పే అధికారం నాకు మీసాలు సరిగా రాకముందే వచ్చింది. రాజులకు, దొంగలకు తప్ప ఇంకెవరికీ లేని ఈ సౌకర్యం సుంకం ఉద్యోగులకు ఉంది. ఈ కొలువులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ రేవులో పని తేలిక, ఏ పరీక్ష రాస్తే తొందరగా పైకి పోవచ్చు అని అడుగుతారు. ఆ సంగతులు నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒకటే: ఆ అధికారాన్ని నేను మొదటిసారి దగ్గర నుంచి చూసింది జహీరాబాద్‌లో, శొంఠి బస్తాల మీద. తర్వాత బొంబాయి వంటి పెద్ద రేవుల్లో ఓడలకు ఓడలే ఆపాను గానీ, ఆ బస్తాలు నేర్పినంత ఓడలు నేర్పలేదు.

అనుమానం చాలు

అప్పుడు యుద్ధం రోజులు. మాది నైజాం సంస్థానం. సంస్థానానికి తన సొంత రూపాయి ఉన్నట్టే తన సొంత సుంకం కూడా ఉండేది. సరిహద్దు దాటి పోయే సరుకు ధరలో నూటికి ఇంత అని సర్కారుకు కట్టాలి. జహీరాబాద్ రైలు స్టేషన్ పక్కన రేకుల కప్పుతో ఒక గది, దాని వెనుక ఒక గోదాము, ముందు ఒక తూకపు కాటా ఉండేవి. అదే మా నాకా. షోలాపూర్‌కో బొంబాయికో రైల్లో సరుకు పంపేవాళ్ళు ముందు మా దగ్గరికి వచ్చి, ఏం సరుకు, ఎంత, ఏ ధరకు అమ్మారు అని ఫారం రాసి ఇచ్చేవారు. ఆ ఫారాలు రాసుకునే మున్షీని నేను.

సుంకం ధరను బట్టి కదా, మరి ధర తక్కువ చూపిస్తే? అందుకు సర్కారు మాకొక మంత్రదండం ఇచ్చింది. ధర తక్కువ రాశారని నాకా అధికారికి అనుమానం వస్తే సరుకు ఆపవచ్చు. సంజాయిషీ నచ్చకపోతే జప్తు చేయవచ్చు. జప్తు చేసిన సరుకును వేలం వేసి ఆ డబ్బు ఖజానాలో వేయవచ్చు. ఆ కాయిదాలో, అంటే ఆ నిబంధనలో, నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించింది 'అనుమానం' అన్న ముక్క. రుజువు అనే మాట ఆ చుట్టుపక్కలకు కూడా రాలేదు. అనుమానం రావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, అజీర్తి చేసినా వస్తుంది.

ఈ అధికారం అసలు ఉండకూడదని నేను అనడం లేదు. అలా అనేవాళ్ళు నాకాలో ఒక్క వారం కూడా కూర్చుని ఉండరు.

చిల్లుల తోళ్ళు

మా నాకాదార్ పేరు మునవ్వర్ సాబ్. సన్నగా, పొడుగ్గా, ఎండాకాలంలోనూ షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని ఉండేవాడు. లంచం ముట్టని మనిషి. ఆ కాలంలోనూ అది చెప్పుకోవలసిన సంగతే. ఉర్దూలో మొదలుపెట్టిన మాటను ఎదుటివాడి మొహం చూసి తెలుగులో ముగించేవాడు. ఆయనకు ఉన్న దురభ్యాసం ఒక్కటే, తన తెలివి మీద తనకు ఎక్కడలేని నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఒకసారి ఒక తోళ్ళ వ్యాపారి మేక తోళ్ళ కట్టలు తెచ్చి, అన్నీ చిల్లులు పడ్డ తోళ్ళని కారుచౌక ధర రాశాడు. పై తోళ్ళు చూస్తే నిజంగానే చిల్లులు. నేనైతే ముద్ర కొట్టేవాణ్ణి. మునవ్వర్ సాబ్ ఒక చిల్లులో వేలు పెట్టి తిప్పి చూశాడు.

"మున్షీ, ముల్లు గుచ్చుకుంటే చిల్లు గిట్ల గుండ్రంగ ఉంటదా? ఇది చాకుతోని కోసిన్రు. కట్ట విప్పు," అన్నాడు.

విప్పితే కింద తోళ్ళన్నీ అద్దంలా ఉన్నాయి. వ్యాపారి మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయింది. కట్టలన్నీ జప్తు అయ్యాయి. అది న్యాయమైన జప్తు, ఇప్పుడు చేయమన్నా చేస్తాను. చిక్కేమిటంటే, ఆ రోజు నుంచి మునవ్వర్ సాబ్‌కు ప్రతి సరుకులోనూ చిల్లులే కనబడసాగాయి. పై అధికారి మొహతమీమ్ బీదరు నుంచి వచ్చినప్పుడు ఆ తోళ్ళ కథ చెప్పించుకుని విని, భుజం తట్టి పోయాడు. తట్టిన భుజం మళ్ళీ ఎప్పుడు తడతారా అని ఎదురుచూస్తుంటుంది. కొత్తగా చేరిన మీరు మీ మొదటి విజయాన్ని కాస్త అనుమానించండి. మన అనుమానాలన్నీ ఎదుటివాళ్ళ మీదే ఖర్చు పెట్టకూడదు.

రుమాలు కింద

ఇక ధర సంగతి. ధర ఎంతో తెలిస్తే కదా తక్కువో ఎక్కువో తేలేది. జహీరాబాద్ బజారులో ధర చెవికి వినబడేది కాదు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురుబొదురుగా కూర్చుంటారు. మధ్యలో దలాలు ఒక రుమాలు పరుస్తాడు. దాని కింద ఒకరి చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్ళు పట్టుకుని నొక్కుతాడు. ఒక వేలు పడితే ఒక లెక్క, రెండు పడితే ఇంకొకటి. పైన మాత్రం వానల గురించో, పిల్లల పెళ్ళిళ్ళ గురించో మాటలు నడుస్తుంటాయి. తర్వాత రెండోవాడి చెయ్యి పడతాడు. ఇలా అటూ ఇటూ తిరిగి ధర కుదిరితే రుమాలు లాగేసి, ఇద్దరి నోట్లో చెరొక బెల్లం ముక్క పెడతాడు. బెల్లం నోట్లో పడిందంటే ఇక ఆ ధర కదలదు. కాగితం లేదు, సాక్షి సంతకం లేదు.

అల్లం, శొంఠి బేరాలకు ఇంకొక పద్ధతి ఉండేది. చేలో అల్లం ఆకుపచ్చగా ఉన్నప్పుడే, దసరాకు ధర మాట్లాడుకునేవారు. అల్లం తవ్వి, పొట్టు గీకి, సున్నపు నీళ్ళలో ముంచి, ఎండబెట్టి శొంఠి చేసి శివరాత్రి తర్వాత బస్తాలు ఎత్తేవారు. ఈలోగా బజారులో ధర ఆకాశానికి పోనీ, పాతాళానికి పోనీ, దసరాకు తిన్న బెల్లమే లెక్క. దాన్ని ముందుమాట అనేవారు. ధర పడిపోయిన ఏడు కొనేవాడు ఏడ్చుకుంటూ కొనేవాడు, పెరిగిన ఏడు అమ్మేవాడు ఏడ్చుకుంటూ అమ్మేవాడు. రైతు మాత్రం పంటకు ఇంత వస్తుందని నమ్మి అల్లం పెట్టేవాడు.

మునవ్వర్ సాబ్ హైదరాబాదు నుంచి వచ్చినవాడు. ఈ వేళ్ళ బేరం ఆయనకు అసహ్యం. "చోర్‌లు గదా చేతులు దాచుకునేది," అనేవాడు.

శివరాత్రి సరుకు

బసప్ప సావుకారు వాళ్ళ తాతలు కన్నడ సీమ నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడ్డారు. లావుపాటి మనిషి, మెడలో లింగం కాయ, మాట తక్కువ. న్యాల్‌కల్ చుట్టుపక్కల రైతుల దగ్గర శొంఠి కూడగట్టి షోలాపూర్‌లో ఉన్న ఒక మరాఠీ శేటుకు ఏటా పంపేవాడు. తండ్రి కాలం నుంచీ ఆ ఇద్దరి మధ్యా అదే బేరం.

ఆ ఏడు దసరాకు ముందుమాట అయింది. తర్వాత యుద్ధం వల్ల ధరలకు కాళ్ళొచ్చాయి. శివరాత్రి నాటికి శొంఠి ధర రెండింతలైంది. బసప్ప మాత్రం నలభై బస్తాలు బండ్ల మీద తెచ్చి స్టేషన్‌లో దించి, దసరా ధరే ఫారంలో రాయించి, దాని ప్రకారం సుంకం కట్టేసి కూర్చున్నాడు. రాసింది నేనే. నాకు బజారు ధర తెలుసు గనుక ఒకసారి తలెత్తి చూశాను. "గంతనే మున్షీ సాబ్, రాయుండ్రి," అన్నాడు.

మునవ్వర్ సాబ్ ఫారం చూసి లేచి నిలబడ్డాడు. బస్తా మూతి విప్పించి ఒక శొంఠి కొమ్ము విరిచాడు. టప్పున విరిగింది. వాసన చూశాడు, కొరికాడు, కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి రకం శొంఠి.

"బజార్ల రేటు నీకు తెల్వదా సావుకారు?"

"తెలుసు సాబ్."

"డబుల్ నడుస్తున్నది. ఏ పాగల్ సగం ధరకు అమ్ముతడు?"

"నేనే అమ్మిన సాబ్. దసరాకు మాట ఇచ్చిన."

"కాగితం ఏది?"

"కాగితం ఉంటే ఇంక మాట ఎందుకు సాబ్?"

మునవ్వర్ సాబ్ నా వైపు చూసి నవ్వాడు. ఇంత తేలికైన దొంగ దొరకడం ఆయనకు కొంచెం నిరాశగా కూడా ఉంది. బేరం చేయించిన దలాలు మొగులయ్యను పిలిపించారు. ఎండిపోయిన చిన్న మనిషి, భుజం మీద రుమాలు తప్ప ఇంకే ఆస్తీ లేనట్టు కనబడేవాడు. అతను వచ్చి, అవును సాబ్, దసరాకు కుదిరిన ధర ఇదే, నా చేతుల్నే కుదిరింది అని చెప్పాడు. దలాలు ఎప్పుడూ సావుకారు మనిషే, వాడి సాక్ష్యం చెల్లదన్నాడు మునవ్వర్ సాబ్. తాటిచెట్టు కింద కూర్చున్నాక పాలు తాగినా కల్లే అంటారు. నాకాలో నిలబడ్డాక నిజం చెప్పినా అంతే.

అయినా మునవ్వర్ సాబ్ దుర్మార్గుడు కాడు. ఒక దారి చూపించాడు.

"సునో భాయ్. బజార్ల రేటు రాసి ఇయ్యి. ఫరక్ సుంకం ఎంతైతదో అది కట్టు, ఇప్పుడే బస్తాలు బండెక్కియ్యి. నేను అన్నీ మర్చిపోత."

నిజానికి అది పెద్ద సొమ్ము కాదు. ఆ తేడా కట్టి పోతే పీడ పోయేది. నేను కూడా పక్కకు పిలిచి చెప్పాను, రాసెయ్యి సావుకారూ, ఒక అంకె మార్చినంత మాత్రాన ఏం మునిగిపోతుందని. బసప్ప గోడకు ఆనుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"మున్షీ సాబ్, నేను శేటుకు ఇంతకు ఇస్తనని మాట ఇచ్చిన గనుకనే, రైతుల తాన గంతకు తగ్గట్టు తీస్కున్న. రేటు పెరిగినంక కూడ వాళ్ళు నా మొఖం జూసి పాత ధరకే ఇచ్చిన్రు. రేపు సర్కారు కాగితం మీద బసప్ప డబుల్ రేటుకు అమ్మిండని ఉంటే, న్యాల్‌కల్‌ల నన్ను ఏమనుకుంటరు? మా పొట్ట గొట్టి మిగిలింది జేబుల ఏస్కున్నడు అనరా? అమ్మని ధర అమ్మినట్టు ఎట్ల రాయాలె?"

ఇదీ మా నాకా పరిస్థితి. నిజం రాసినందుకు సరుకు ఆగింది. అబద్ధం రాస్తే ఆ క్షణమే వదిలేస్తాం. అబద్ధం రాయనన్నందుకు బసప్ప అబద్ధాలకోరు అని తేల్చి, నలభై బస్తాలూ జప్తు చేశాం. హుకుం రాసింది నేను, ఉర్దూలో, మంచి దస్తూరితో.

పోయేముందు బసప్ప ఒక్క మాట అడిగాడు, వేలం ఉగాది లోపల వేస్తారా అని. ఎందుకని అడిగితే, ఉగాదిలోగా సరుకు షోలాపూర్ చేరాలని మాటలో ఉందన్నాడు. సరుకు సర్కారు పట్టుకుంది కదా, ఇంకేం మాట అన్నాను. "సర్కారు సరుకును పట్టుకున్నది. మాటను పట్టుకోలే గదా," అన్నాడు.

రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది, బసప్ప బావి కింది పొలానికి గిరాకీ చూస్తున్నాడని. వేలంలో తన శొంఠి తానే కొని శేటుకు పంపాలని ఆయన ఆలోచన. రైతులకు డబ్బు ముందే ఇచ్చేశాడు. ఇప్పుడు అదే సరుకుకు బజారు ధర పెట్టాలంటే పొలం అమ్ముకోవాల్సిందే. ఆ పొలంలోనే ఆయన చెరకు, ఇంటికి కావలసిన గింజలు. అది పోతే మిగిలేది రాళ్ళ చెలక ఒక్కటే.

నాకాలో దగ్గు మానింది

జప్తు సరుకు గోదాములో ఉంటే ఏమవుతుందో మీకు శిక్షణలో చెప్పరు. నేను చెబుతాను. శొంఠి లేని కషాయం లేదంటారు. ఆ నెలలో మా నాకాలో కషాయం తాగని మనిషి లేడు. జవానులు చాయ్‌లో వేసుకున్నారు. స్టేషన్ మాస్టరు గారింట్లో బాలింత ఉందని ఒక మూట పోయింది. నాణ్యం పరీక్షించాలని రోజుకొక పిడికెడు తీసేవాళ్ళం, ఆ నాణ్యం ఎంతకీ తేలేది కాదు. కచేరీలో ఎవరికీ దగ్గు లేదు, జలుబు లేదు, అజీర్తి లేదు. వేలానికి ముందు తూకం వేస్తే బస్తాలు తేలికయ్యాయి. ఎండకు ఎండి తగ్గిందని రాశాం. ఎండిన శొంఠి ఇంకా ఎండుతుందా అని ఎవరూ అడగలేదు.

సర్కారు సొమ్మును కాపాడేవాళ్ళం కదా, మా ఆరోగ్యం కాపాడుకోవడం కూడా సర్కారు పనే అని సరిపెట్టుకున్నాం. ఆ కషాయం నేనూ తాగాను, బాగుండేది.

నోటితో వేలం

ఉగాది ముందర వేలం పెట్టారు. పొద్దున్నే డప్పు వేయించారు. జహీరాబాద్ వ్యాపారులు, చిరాగ్‌పల్లి నుంచి ఇద్దరు ముగ్గురు, బీదరు నుంచి ఒక కొత్త వ్యాపారి వచ్చి నాకా ముందు చేరారు. బసప్ప ఒక మూలగా గొడుగు కింద కూర్చున్నాడు. పొలం బేరం ఆ సాయంత్రానికి మాట్లాడుకుని వచ్చాడు. వేలం ఎంతకు పోతే అంతకు పొలంలో ముక్క అమ్మాలి, మరీ పైకి పోతే మొత్తం అమ్మాలి.

మునవ్వర్ సాబ్ ఆ రోజు కొత్త షేర్వాణీ తొడుక్కున్నాడు. "రుమాలు లేదు, గుస్ గుస్ లేదు. నోరు తెరిచి అందరికీ వినవడేటట్టు చెప్పాలె," అని ముందే హుకుం వేశాడు. ఇంకొక తెలివైన పని కూడా చేశాడు. వేలం పాటను బజారు ధర దగ్గర కాకుండా, బసప్ప ఫారంలో రాసిన ధర దగ్గరే మొదలుపెట్టాడు. అక్కడి నుంచి పాట ఎంత ఎత్తుకు పోతుందో ఊరు ఊరంతా కళ్ళారా చూసి, తన అనుమానం ఎంత గొప్పదో తెలుసుకోవాలని ఆయన సరదా.

వేలానికి ముందు మొగులయ్య వ్యాపారుల మధ్య తిరగడం చూశాను. ఒక్కొక్కరి దగ్గర ఆగి, భుజం మీది రుమాలు జారవిడిచి, దాని కింద చెయ్యి పట్టుకుని, వాన ఎప్పుడొస్తుందో అడిగి ముందుకు పోయాడు. వేలం మొదలు కాలేదు గనుక అది తప్పు కాదు.

మునవ్వర్ సాబ్ ధర పిలిచాడు. బసప్ప గొడుగు కింది నుంచే, "నేను తీస్కుంట సాబ్, గా ధరకు," అన్నాడు.

"ఇంకెవరు?"

ఎవరూ పలకలేదు. మునవ్వర్ సాబ్ చిరునవ్వుతో చుట్టూ చూశాడు. మళ్ళీ పిలిచాడు. చిరునవ్వు కొంచెం తగ్గింది. ముందు వరసలో ఉన్న కిరాణా శేటును పేరు పెట్టి అడిగాడు.

"మీరెందుకు పాడుతలేరు?"

"మా ఇంట్ల ఎవరికీ దగ్గు లేదు సాబ్."

పక్కవాడిని అడిగాడు. "నా తాన జాగ లేదు సాబ్," అన్నాడు వాడు. చిరాగ్‌పల్లి వ్యాపారి తనకు శొంఠి పడదన్నాడు, తింటే వేడి చేస్తుందన్నాడు. తరాలుగా శొంఠి అమ్మి బతికిన మనుషులు వీళ్ళంతా.

బీదరు నుంచి వచ్చిన కొత్త వ్యాపారికి మాత్రం ఇదేమీ అర్థం కాలేదు. మొదటి రకం శొంఠి సగం ధరకు పోతుంటే ఎవరైనా ఊరుకుంటారా? గొంతు సవరించుకుని నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లో మొగులయ్య వెనక నుంచి ఒక బెల్లం ముక్క పెట్టాడు. బెల్లం నోట్లో పడ్డాక బేరం ముగిసినట్టే గదా. ఆ మనిషి దాన్ని చప్పరిస్తూ నాలుగు దిక్కులా చూశాడు. చుట్టూ ఉన్న మొహాలు చూసి, ఏదో అర్థమై, చప్పరించడమే మేలనుకున్నాడు.

వేలం నిలిపేసే అధికారం మునవ్వర్ సాబ్‌కు ఉంది. ధర మరీ తక్కువ వచ్చింది, ఇంకొక రోజు వేస్తామని చెప్పవచ్చు. ఆయన చేతిలో చిన్న కొయ్య సుత్తి ఉంది. దాన్ని ఎత్తి, బసప్ప వైపు చాలాసేపు చూశాడు. ఆ క్షణంలో నాకు ఉద్యోగం గుర్తులేదు, ఆ మనిషి పొలం నిలవాలని మాత్రమే కోరుకున్నాను. సుత్తి పడింది.

దయతో కొట్టాడని కొందరు అన్నారు. పక్కనే ఉన్న నాకు అంత ఖాయంగా తెలియదు. పాటకు ఎవరూ రాలేదని మొహతమీమ్‌కు రాయడం ఆయనకు నామోషీ. ఎండ కూడా మండుతోంది. మనుషులు మంచిపని చేసినప్పుడు దానికి కారణం మరీ తవ్వకండి, తవ్వితే నిరాశే మిగులుతుంది.

తర్వాత మొగులయ్యను అడిగాను, రుమాలు కింద ఏ ధర చెప్పావని.

"ధరేంది మున్షీ సాబ్? ఒక్కొక్కని చెయ్యి పట్టుకొని పిడికిలి మూసిన. గంతనే," అన్నాడు.

ఆలోచించి చూడండి. ఈ శొంఠి వ్యవహారం మొత్తంలో వ్యాపారులు సర్కారును నిజంగా మోసం చేసింది ఆ ఒక్క పూటే. వ్యాపారులంతా కూడబలుక్కుని వేలాన్ని చంపేశారు. కాయిదా ప్రకారం అది నేరం. బసప్ప మొదటి నుంచీ చెప్పిన నిజం మాత్రం ఆ నేరం వల్లే నెగ్గింది. ఎందుకంటే సర్కారు వేలంలో పలికిన ధరే సరుకు అసలు ధర అని మా పుస్తకాల్లోనే రాసి ఉంది. బసప్ప రాసిన ధర, వేలం ధర అణా పైసలతో సహా ఒకటే అయ్యాయి.

మరి ధర సరైనదే అయినప్పుడు జప్తు తప్పు కదా, డబ్బు తిరిగి ఇవ్వాలి కదా? నేనే అర్జీ రాసి పెట్టాను. చాలాకాలానికి పైనుంచి జవాబు వచ్చింది. సరుకు చివరికి దాని ఆసామి చేతికే చేరింది గనుక ఆయనకు నష్టమేమీ జరగలేదని తేల్చారు. సొంత సరుకును రెండోసారి డబ్బు పెట్టి కొనుక్కుని, దాని మీద రెండోసారి సుంకం కట్టిన మనిషికి నష్టం లేదట. ఆ జవాబు రాసిన అధికారిని కలిసి చేతులు పట్టుకోవాలని ఉండేది. అంత శుభ్రమైన బుద్ధి మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఉగాదికి ముందే బస్తాలు షోలాపూర్ చేరాయి. పొలం అమ్మే పని తప్పింది గానీ కుదువ పెట్టక తప్పలేదు. విడిపించుకోవడానికి బసప్పకు ఏళ్ళు పట్టింది. మా నాకాకు మాత్రం ఆ ఏడు ధర తక్కువ చూపిన సరుకు పట్టుకున్నందుకు శాబాషీ వచ్చింది. తోళ్ళకూ శొంఠికీ కలిపి ఒకే శాబాషీ.

మరుసటి దసరా

దసరాకు షోలాపూర్ శేటు ఎప్పటిలాగే జహీరాబాద్ వచ్చాడు. బసప్ప పడ్డ పాట్లు విని, నష్టంలో సగం తాను భరిస్తానన్నాడట. బసప్ప వద్దన్నాడు, చాయ్ తాగించాడు. మొగులయ్య రుమాలు పరిచాడు. బసప్ప చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి మొగులయ్య రుమాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు, చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

బసప్పను చూసి మిగతా సావుకార్లూ ముందుమాట మానేశారు. సరుకు చేతికొచ్చిన రోజు బజారులో ఏ ధర ఉంటే ఆ ధరకే అమ్మసాగారు. ఆ ఏడు అల్లం తవ్వే నాటికే ధర కుప్పకూలింది. ముందుమాట ఉండి ఉంటే శేటు ఏడ్చుకుంటూనైనా పాత ధర ఇచ్చేవాడు. ఇప్పుడు ఎవరికీ ఎవరూ బాకీ లేరు. న్యాల్‌కల్ రైతులు కొందరు తవ్విన కూలి కూడా రాదని అల్లాన్ని చేలోనే వదిలేశారు.

మా నాకా లెక్కలు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఫారంలో రాసిన ధర, బజారు ధర ఎక్కడ చూసినా ఒకటే. మొహతమీమ్ తనిఖీకి వచ్చి, ఈ ఏడు ఒక్కరు కూడా ధర తక్కువ చూపలేదని, మన భయం బాగా పనిచేసిందని మునవ్వర్ సాబ్ భుజం మళ్ళీ తట్టాడు. మునవ్వర్ సాబ్ ఆ పొగడ్తకు నవ్వలేదు. అది నేను చూశాను.

కొద్ది రోజులకు బసప్ప తన బస్తాలు తెచ్చాడు. చాలా తక్కువ బస్తాలు. ఆనాటి బజారు ధర చెప్పాడు, రాశాను, ముద్ర కొట్టాను. ఏదో ఒక మంచిమాట అనాలనిపించి, ఈసారి మా వల్ల ఏ తకరారూ లేదు కదా సావుకారూ అన్నాను.

బసప్ప ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా ఏమీ లేడు, బాగా తెలిసిన లెక్క చెప్పినట్టే చెప్పాడు.

"ఇంక మాకు ఫికర్ లేదు మున్షీ సాబ్. మాట ఇస్తే గదా నిలవెట్టుకోవాలె. నిలవెట్టుకుంటే గదా మీరు పట్టుకునేది."